యానిమేటెడ్ టైటిల్స్ ప్లానింగ్: విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

కాలేజీ ప్రాజెక్టుకో, స్నేహితుడి షార్ట్ ఫిల్మ్‌కో టైటిల్స్ చేయాల్సి వచ్చిన యానిమేషన్ విద్యార్థుల కోసం ఈ పేజీ. ఏ బటన్ నొక్కితే ఏం జరుగుతుందో చెప్పే ట్యుటోరియల్స్ యూట్యూబ్‌లో కావలసినన్ని ఉన్నాయి. ఇక్కడున్నది అంతకుముందు జరగాల్సిన పని గురించి. కాగితం మీద మార్పు చేయాలంటే ఒక రబ్బరు చాలు. అదే మార్పు రెండర్ అయ్యాక, అంటే ఫైనల్ వీడియో తయారయ్యాక చేయాలంటే ఒక వారం పోతుంది. ఈ తేడా కోసమే ఈ ప్లానింగ్ అంతా.

మాట్లాడుకోవడానికి వీలుగా ఒక ఊహాత్మక షార్ట్ ఫిల్మ్ అనుకుందాం. పేరు "తొమ్మిదిన్నర బస్సు". పల్లెకు రాత్రిపూట వెళ్లే ఆఖరి బస్సు, అందులో రిటైర్మెంట్‌కు దగ్గరపడిన కండక్టర్ కథ. సినిమా 14 నిమిషాలు, టైటిల్స్ 45 సెకన్లు. పాత రోజుల్లో జరిగే కథ కాబట్టి టిమ్స్ మిషన్ లేదు, రంగు కాగితపు టికెట్లే.

మొదట దేంతో మొదలుపెట్టాలి? ఐడియాతోనా, మ్యూజిక్‌తోనా?

రెండింటితోనూ కాదు, పేర్ల జాబితాతో. ఎంతమంది పేర్లు పడాలి, ఏ వరసలో పడాలి, ఎవరి పేరు ఒంటరిగా రావాలి, ఎవరివి కలిపి వేయొచ్చు అన్నది తేలకుండా గీసే బొమ్మలన్నీ తర్వాత మార్చాల్సినవే.

మన సినిమాల్లో అలవాటైన వరస ఒకటి ఉంది. సమర్పణ ముందు వస్తుంది, తర్వాత నటీనటులు, ఆపైన మాటలు, సంగీతం, ఛాయాగ్రహణం, కూర్పు, నిర్మాత, అన్నిటికంటే చివర దర్శకత్వం. సినిమా పేరు నటీనటుల ముందు వేస్తారా, వెనక వేస్తారా అన్నది మీ ఇష్టం. షార్ట్ ఫిల్మ్‌లో ఒకే మనిషి మూడు పనులు చేసి ఉంటాడు. అతని పేరు మూడుసార్లు వేస్తే చూసేవాళ్లు నవ్వుకుంటారు, కాబట్టి ఒకే కార్డులో కలిపేయండి. కార్డు అంటే తెర మీద ఒక విడతలో కనిపించే పేరు లేదా పేర్లు.

మన బస్సు సినిమాకు సమర్పణ 1, నటీనటులు 3, సినిమా పేరు 1, మాటలు, సంగీతం, ఛాయాగ్రహణం, కూర్పు, నిర్మాత, దర్శకత్వం ఒక్కొక్కటి. మొత్తం 11 కార్డులు. 45 సెకన్లలో ఆరంభానికి 4, సినిమా పేరుకు 5, చివర సినిమా మొదటి షాట్‌లోకి కలవడానికి 2 తీసేస్తే మిగిలేది 34. పది కార్డులకు పంచితే తలా 3.4 సెకన్లు. వచ్చేటప్పుడు అర సెకను, పోయేటప్పుడు అర సెకను కదలికకు పోతుంది. అంటే ప్రేక్షకుడి చేతిలో ఉండేది 2.4 సెకన్లే. ఒక పేరుకు ఇది సరిపోతుంది. ముగ్గురి పేర్లున్న కార్డుకు చాలదు, దానికి ఇంకో సెకను ఎక్కడినుంచో తేవాలి. ఈ లెక్క వేయడానికి పది నిమిషాలు పట్టదు, అయినా చాలామంది వేయరు.

జాబితాను వాట్సాప్ మెసేజ్‌ల నుంచి ఏరుకోకండి. ప్రతి ఒక్కరి చేతా వాళ్ల పేరు తెలుగులో ఎలా రాయాలో రాయించుకోండి. ఇంటిపేరు ముందా వెనకా, ఇనిషియల్స్‌కు చుక్కలు ఉంటాయా, "సత్యనారాయణ"కు దీర్ఘం ఎక్కడ? ఇవన్నీ ఆ మనిషికి ముఖ్యమే.

ఐడియా తట్టడం లేదు. ఎక్కడ వెతకాలి?

సినిమాలోనే వెతకండి. స్క్రిప్టు తీసుకుని, అందులో చేత్తో పట్టుకోగల వస్తువులన్నీ ఒక కాగితం మీద రాయండి. భావాలు వద్దు, వస్తువులే. "ఒంటరితనం", "కాలం" అని రాసుకుంటే చివరికి గడియారం ముళ్లు, రాలే ఆకులు గీస్తారు. అవి అందరూ గీసేశారు.

బస్సు సినిమాకు అలా రాస్తే టికెట్ల కట్ట, పంచ్, క్యాష్ బ్యాగు, విజిల్, చిల్లర, కిటికీ ఊచలు, రూట్ బోర్డు వస్తాయి. ఇప్పుడు ఒక్కో వస్తువునూ "ఇది పేరు చూపించగలదా?" అని అడగండి. విజిల్ చూపించలేదు. టికెట్ చూపించగలదు, ఎందుకంటే దాని వెనకాల రాత ఉంటుంది. కండక్టర్ దగ్గర చిల్లర లేకపోతే బాకీ ఎంతో టికెట్ వెనక పెన్నుతో రాసిచ్చి, దిగేటప్పుడు తీసుకోమనడం బస్సెక్కిన వాళ్లందరికీ తెలుసు. అదే రాతతో, అదే తొందరలో గీసినట్టుండే అక్షరాలతో, పేర్లు ఒక్కో టికెట్ వెనకాల పడతాయి. టికెట్ చిరుగుతుంది, తిరగబడుతుంది, పేరు కనిపిస్తుంది, పంచ్ పడుతుంది, చిల్లు లోంచి తర్వాతి టికెట్ రంగు కనిపిస్తుంది.

ఐడియా దొరికిందని దీంతో తెలిసిపోతుంది. పేరు ఎలా వస్తుంది, ఎలా ఉంటుంది, ఎలా పోతుంది అనే మూడింటికీ ఒకే వస్తువు జవాబు చెబుతోంది. మీ ఐడియా ఈ మూడింట్లో ఒక్కదానికే జవాబు చెబితే మిగతా రెండింటికీ ఫేడ్ ఇన్, ఫేడ్ అవుట్ పెట్టుకోవాల్సి వస్తుంది.

ఒక హెచ్చరిక: కథ మొత్తం టైటిల్స్‌లోనే చెప్పేయకండి. కండక్టర్ చివరికి ఏమవుతాడో టికెట్ల మీదే తెలిసిపోతే ఆ 14 నిమిషాలు ఎందుకు తీసినట్టు?

ఎవరి పని చూసి నేర్చుకోవచ్చు?

సాల్ బాస్‌తో మొదలుపెట్టండి. ఆయన పోస్టర్లు, లోగోలు చేసే గ్రాఫిక్ డిజైనర్. 1955లో 'ది మ్యాన్ విత్ ది గోల్డెన్ ఆర్మ్' సినిమాకు నల్లటి తెర మీద తెల్లటి కాగితపు పట్టీలు కదిలి, చివరికి వంకర తిరిగిన ఒక చెయ్యిగా మారేలా టైటిల్స్ చేశాడు. అందులో ఉన్నవి పట్టీలూ, పేర్లూ, జాజ్ సంగీతమే. మీ దగ్గర కంప్యూటర్ బలహీనంగా ఉందని బాధపడే ముందు ఒకసారి అది చూడండి. ఆ తర్వాత 1995లో 'సెవెన్'కు కైల్ కూపర్ చేసినవి, 2002లో 'క్యాచ్ మీ ఇఫ్ యూ కెన్'కు కుంట్‌జెల్, డేగాస్ జంట చేసినవి చూడొచ్చు. 'సెవెన్'లో అక్షరాలు ఫిల్మ్ మీద గీరినట్టుంటాయి, 'క్యాచ్ మీ ఇఫ్ యూ కెన్'లో మనుషుల బొమ్మలను చేత్తో చెక్కిన స్టాంపులతో అచ్చు వేశారు. రెండింట్లోనూ పద్ధతి కథలోంచే వచ్చింది.

చూసేటప్పుడు మూడుసార్లు చూడండి. ఒకసారి మామూలుగా, ఒకసారి సౌండ్ తీసేసి, ఒకసారి కళ్లు మూసుకుని వింటూ. సౌండ్ లేకుండా చూసినప్పుడు ఎక్కడ చప్పగా అనిపించిందో, అక్కడ సంగీతం మోస్తోందని అర్థం. తర్వాత ప్రతి కార్డు ఎన్ని సెకన్లు నిలబడిందో రాసుకోండి. మీరు అనుకున్నదానికంటే ఎక్కువసేపే నిలబడి ఉంటుంది.

స్టోరీబోర్డు, స్టైల్ ఫ్రేమ్, యానిమాటిక్, ప్రీవిజ్... ఇవన్నీ ఒకటేనా?

కాదు, ఒక్కోటి ఒక్కో ప్రశ్నకు జవాబు. ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ అన్నది స్టోరీబోర్డు చెబుతుంది. 1930లలో డిస్నీ స్టూడియోలో ఈ పద్ధతి కుదురుకుంది, కాగితాలు గోడకు గుచ్చి అటూ ఇటూ మార్చుకునేవారు. ఫైనల్‌గా తెర మీద ఎలా కనిపిస్తుంది అన్నదానికి స్టైల్ ఫ్రేమ్, అంటే పూర్తిగా రంగులు, టెక్స్చర్, అక్షరాలతో చేసిన ఒక నిశ్చల చిత్రం. ఏది ఎంతసేపు అన్నదానికి యానిమాటిక్, అంటే స్టోరీబోర్డు బొమ్మలను సౌండ్ మీద పరిచి చేసిన వీడియో. ప్రీవిజ్ అనే మాటను ఎక్కువగా త్రీడీలో కెమెరా కదలికలను మొరటు దిమ్మెలతో ముందుగా చూసుకోవడానికి వాడతారు. ఈ మొత్తాన్నీ కలిపి ప్రీవిజ్ అనేవాళ్లూ ఉన్నారు, దానికి గొడవేం లేదు.

నాకు బొమ్మలు గీయడం అంతగా రాదు. స్టోరీబోర్డు తప్పదా?

తప్పదు, కానీ అందంగా ఉండక్కర్లేదు. చతురస్రం టికెట్, గీత పేరు, బాణం కదలిక. ఇంతే. నిజానికి బాగా గీసేవాళ్లకే ఇక్కడ ఇబ్బంది. ఒక్కో ఫ్రేమ్‌కు గంట పెట్టి షేడింగ్ ఇస్తారు, తర్వాత అది పనికిరాదంటే చింపడానికి చేతులు రావు.

థంబ్‌నెయిల్స్, అంటే చిన్న సైజు మొరటు బొమ్మలు, 8 సెంటీమీటర్ల వెడల్పు, 4.5 ఎత్తు చాలు, మామూలు వైడ్ తెర నిష్పత్తి 16:9కి అది సరిగ్గా సరిపోతుంది. ఆ సైజులో వివరాలు గీయడానికి చోటుండదు కాబట్టి ఫ్రేమ్‌లో ఏది ఎక్కడ ఉండాలన్నదాని మీదే దృష్టి పెడతారు. ఒక్కో దాన్ని ఒక్కో స్టిక్కీ నోట్ మీద గీస్తే ఇంకా మంచిది. హాస్టల్ గది గోడకు అంటించి, నాలుగోదాన్ని ఏడో చోటికి మార్చి, తొమ్మిదోదాన్ని పీకేసి చూడొచ్చు. సినిమా స్కోప్ నిష్పత్తిలో ఉంటే, అంటే 1920×804 లాంటి సైజులో, ఆ పెట్టెలోనే గీయండి. 16:9లో గీసి తర్వాత పైనా కిందా నల్ల పట్టీలు వేస్తే తెలుగు అక్షరాల ఒత్తులు మొదట బలవుతాయి.

యానిమాటిక్ ఎలా చేయాలి? అంత అవసరమా?

ఈ పేజీలో ఒక్కటే జవాబు చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

స్టోరీబోర్డు బొమ్మలను ఫోన్‌తో ఫొటో తీసి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేయండి. కింద సౌండ్ పరచండి. ఫైనల్ మ్యూజిక్ ఇంకా రాలేదా? నోటితో చేసిన చప్పుళ్లు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి. బస్సు సినిమాకైతే మ్యూజిక్ కంటే ముందు ఇవి కావాలి: ఇంజిన్ ఆగి ఉన్నప్పటి గుడగుడ, చిల్లర గలగల, పంచ్ చప్పుడు, "హోల్డాన్", "రైట్ రైట్". "హోల్డాన్" అన్నప్పుడు కదలికంతా ఒక్కసారిగా ఆగి సినిమా పేరు పడొచ్చు. దర్శకుడి పేరు తర్వాత "రైట్ రైట్" వినిపించి బస్సు కదలొచ్చు, అంటే సినిమా మొదలవ్వొచ్చు. ఇలాంటివి కాగితం మీద తట్టవు, టైమ్‌లైన్ మీద సౌండ్ వింటుంటేనే తడతాయి.

కార్డుల మీద "పేరు 1", "పేరు 2" అని రాయకండి. అసలు పేర్లే పెట్టండి. "రవి" చదవడానికీ "పూసపాటి వెంకట లక్ష్మీనరసింహం" చదవడానికీ పట్టే సమయం ఒకటి కాదు. చదివే సమయం సరిపోయిందో లేదో చూడటానికి ఒక మొరటు కొలత ఉంది. పేరును, పక్కన ఉన్న హోదాతో సహా, తొందరపడకుండా పైకి రెండుసార్లు చదవండి. కార్డు పోయేలోపు రెండోసారి పూర్తయితే చాలు. మీరు ఆ పేరును వారాల తరబడి చూస్తున్నారు కాబట్టి మీకు ఒక్క చూపులో అందుతుంది. ప్రేక్షకుడు మొదటిసారి చూస్తున్నాడు, పైగా పేరు కంటే ముందు కదిలే టికెట్‌ను చూస్తాడు.

మొదటి యానిమాటిక్ ఎప్పుడూ పొడుగ్గా వస్తుంది. 45 సెకన్లనుకున్నది 58 అవుతుంది. అప్పుడు అన్ని షాట్లనూ కాస్త కాస్త వేగం పెంచి ఇరికించడం తేలికైన దారి, తప్పు దారి కూడా. ఒక షాట్ మొత్తం తీసేయండి. బస్సు టైటిల్స్‌లో కిటికీ ఊచల మీదుగా కెమెరా జారే షాట్ ఒకటి ఉందనుకోండి. చాలా బాగుంటుంది, కానీ దాని మీద ఏ పేరూ పడదు, టికెట్‌తో సంబంధం లేదు. పోవాల్సింది అదే. యానిమాటిక్‌లో దాన్ని తీయడానికి డిలీట్ కీ చాలు. వారం రోజులు యానిమేట్ చేశాక తీయమంటే మీరు తీయరు, ఎలాగోలా సమర్థించుకుంటారు.

యానిమాటిక్‌ను అసలు సినిమా మొదటి రెండు నిమిషాలకు అతికించి కూడా చూడండి. టైటిల్స్ విడిగా బాగుండి, సినిమా పక్కన పరాయిగా కనిపించడం తరచూ జరిగేదే. టైటిల్స్‌లో చివరి టికెట్ ఏ వైపు కదులుతుందో, సినిమా మొదటి షాట్‌లో బస్సు ఆ వైపే కదిలితే కట్ తెలియదు.

మ్యూజిక్ బీట్‌కు సరిగ్గా కట్ చేయాలంటే లెక్క ఉందా?

ఉంది, సులువైనదే. సెకనుకు 24 ఫ్రేములైతే నిమిషానికి 1440. దాన్ని పాట టెంపోతో, అంటే నిమిషానికి ఎన్ని బీట్లో ఆ సంఖ్యతో భాగించండి, ఒక్కో బీట్‌కు ఎన్ని ఫ్రేములో వస్తుంది. టెంపో 120 అయితే 12 ఫ్రేములు, 90 అయితే 16, 80 అయితే 18, 72 అయితే 20. టెంపో 100 అయితే 14.4 వస్తుంది. ఫ్రేమును ముక్కలు చేయలేం కాబట్టి కొన్ని బీట్లకు 14, కొన్నింటికి 15 వేసుకోవాలి. కొంప మునిగిపోయేదేం కాదుగానీ చికాకు. మ్యూజిక్ చేసేవాడు మీ స్నేహితుడే అయితే ముందే టెంపో 90 లేదా 120 పెట్టమని అడిగేయండి. ప్రతి బొమ్మనూ రెండు ఫ్రేములు నిలిపే పద్ధతికి ఈ సరిసంఖ్యలు చక్కగా కలుస్తాయి.

టెంపో 90లో ఎనిమిది బీట్ల ఒక ఆవర్తం 128 ఫ్రేములు, అంటే 5.3 సెకన్లు. సినిమా పేరు కార్డుకు మనం అనుకున్న 5 సెకన్లకు దగ్గరగా ఉంది కదా, దాన్నే ఖాయం చేసుకోవచ్చు.

అన్ని కట్లూ బీట్ మీదే వేస్తే మాత్రం పెళ్లి వీడియోలా తయారవుతుంది. కొన్నింటిని బీట్‌కు రెండు మూడు ఫ్రేములు ముందుంచండి.

సినిమా ఏ ఫ్రేమ్ రేటులో తీశారో కెమెరామన్‌ను మొదటి రోజే అడగండి. మన దగ్గర చాలామంది 25లో తీస్తారు. అప్పుడు పై లెక్కలో 1440 బదులు 1500 వేసుకోవాలి.

45 సెకన్లే కదా, ఎన్ని రోజులు పడుతుంది?

లెక్క వేద్దాం. 45ను 24తో గుణిస్తే 1080 ఫ్రేములు. ఒక్కో బొమ్మ రెండు ఫ్రేములు నిలిస్తే 540 బొమ్మలు. ఈ సంఖ్య చూడగానే టెన్షన్ వస్తుంది, రావాలి కూడా. ఇక ప్లానింగ్‌తో దీన్ని తగ్గించాలి.

పేరు నిలబడి ఉండే 2.4 సెకన్లలో కొత్త బొమ్మలు అక్కర్లేదు. అలాగని పూర్తిగా కదలకుండా వదిలితే చేత్తో చేసిన యానిమేషన్‌లో అది చచ్చినట్టు కనిపిస్తుంది. ఒకే పేరును మూడుసార్లు ట్రేస్ చేసి, ఆ మూడింటినీ తిప్పితిప్పి వాడితే గీత సన్నగా వణుకుతూ ప్రాణంతో ఉంటుంది. 11 కార్డులకు 33 బొమ్మలు. కార్డుల రాకపోకలకు ఒక్కోదానికి మొత్తం ఒక సెకను, అంటే 12 బొమ్మలు, 11 కార్డులకు 132. ఆరంభం 4 సెకన్లకు 48, చివరి 2 సెకన్లకు 24, సినిమా పేరు దగ్గర అదనపు హంగుకు 30. కూడితే 267. సగానికి సగం తగ్గింది, చూసేవాళ్లకు తేడా తెలియదు.

రోజుకు 15 బొమ్మలు పూర్తి చేస్తే 18 రోజులు. మీ వేగం 15 అవునో కాదో ఎలా తెలుస్తుంది? అన్నిటికంటే కష్టమైన షాట్‌లోంచి రెండు సెకన్లు ముందుగా చేసి చూడండి. మన ఉదాహరణలో అది టికెట్ చిరిగి తిరగబడే షాట్. సులువైన షాట్‌తో టెస్ట్ చేస్తే లెక్క తప్పుతుంది, ధైర్యం మాత్రం పెరుగుతుంది.

తెలుగు అక్షరాలు యానిమేట్ చేస్తుంటే విరిగిపోతున్నాయి. ఎందుకు?

ఇంగ్లిష్ కోసం తయారైన టూల్స్‌కు ఒక గుర్తు అంటే ఒక అక్షరం. మనకు అలా కాదు. "లక్ష్మి"ని చూస్తే మనకు కనిపించేవి రెండే అక్షరాలు, ల, క్ష్మి. కంప్యూటర్ లోపల అవి ఏడు గుర్తులు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. టైప్‌రైటర్ ఎఫెక్ట్ పెడితే ఏడు అడుగుల్లో వస్తుంది. ముందు "ల", తర్వాత "లక", తర్వాత "లక్", ఆపైన "లక్ష", "లక్ష్", "లక్ష్మ", చివరికి "లక్ష్మి". ప్రతి అడుగుకీ అక్షరం రూపం మారిపోతూ తెర మీద గిలగిల కొట్టుకుంటుంది. ఒక్కో గుర్తునూ విడిగా ఎగరేసే ఎఫెక్టులైతే ఒత్తు ఒక వైపు, తల్లి అక్షరం ఇంకో వైపు పోతాయి.

అసలు అతుకే పడకుండా పొల్లు విడిగా, ఒత్తు పక్కన కనిపిస్తుంటే అది వేరే సమస్య. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ను దక్షిణాసియా లిపులకు పనికొచ్చేదానికి మార్చాలి. ఫొటోషాప్‌లో, ఇల్లస్ట్రేటర్‌లో వరల్డ్ రెడీ అనే పేరుతో అలాంటి సెట్టింగే ఉంటుంది. ఎక్కడా కుదరకపోతే ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌లో టైప్ చేసి, పాత్‌గా, అంటే గీతల బొమ్మగా మార్చి, ఎస్‌వీజీ ఫైలుగా తెచ్చుకోండి. ఒకసారి పాత్ అయ్యాక అది బొమ్మే, ఇక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని విరగ్గొట్టలేదు. అయితే స్పెల్లింగ్ మార్చాలంటే మళ్లీ మొదటికి వెళ్లాలి కాబట్టి, పాత్‌గా మార్చేది పేర్లన్నీ ఖాయమయ్యాకే.

పాత్‌గా మార్చాక "క్ష్మి" మొత్తాన్ని ఒక గ్రూపు చేయండి. కదిలితే అంతా కలిసే కదలాలి.

చేతిరాతలా గీత గీతగా తెరుచుకునే ఎఫెక్ట్ చేస్తుంటే, మనం రాసే వరసను పాటించండి. మనం ముందు అక్షరం ఒళ్లు రాసి, తర్వాత తలకట్టు పెడతాం. ఒత్తు ఆ తర్వాతే. టికెట్ వెనక కండక్టర్ రాస్తున్నట్టు చూపించాలంటే ఇది మరీ ముఖ్యం. తలకట్టు ముందు పడితే తప్పేమిటో చెప్పలేకపోయినా, ఇది మనిషి రాత కాదని తెలుగు చదివే ప్రతి కన్నూ పసిగడుతుంది. తెలిసినవాళ్లెవరినైనా నిజంగానే టికెట్ సైజు కాగితం మీద రాయమని, ఫోన్‌తో పైనుంచి వీడియో తీసుకోండి. అంతకంటే మంచి రిఫరెన్స్ దొరకదు.

ఏ ఫాంట్ వాడాలి?

సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి: రామభద్ర, మండలి, సూరన్న, గురజాడ, ధూర్జటి, ఇంకా చాలా. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కాబట్టి సినిమాలో వాడుకోవచ్చు. రామభద్ర లావుగా ఉంటుంది, పెద్ద అక్షరాలకు బాగుంటుంది. డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్లు చాలావరకు యూనికోడ్ కావు. అందులో టైప్ చేసింది ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి.

ఇంగ్లిష్‌లో హోదాను స్మాల్ లెటర్స్‌లో, పేరును క్యాపిటల్ లెటర్స్‌లో వేసి తేడా చూపిస్తారు. మనకు ఆ సౌకర్యం లేదు. సైజు, మందం, రంగు, ఈ మూడింటితోనే చూపించాలి. రెండు వరసల మధ్య ఖాళీ కూడా ఇంగ్లిష్‌కు సరిపోయినంత మనకు చాలదు. పై వరస ఒత్తులు, కింది వరస గుడులు ఢీకొంటాయి. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి చూసుకోండి.

చేతిరాత టైటిల్స్ అన్నప్పుడు మాత్రం, నిజంగా చేత్తో రాయండి. చేతిరాతలా కనిపించే ఫాంట్‌లో రెండు "ర"లు అచ్చం ఒకేలా ఉంటాయి, అక్కడే దొరికిపోతారు. ఈ విషయంలో మనకు బాపు గారి వారసత్వం ఉంది. ఆయన గీతకూ రాతకూ తేడా తెలియదు, ఆ రాత చివరికి ఫాంటే అయింది.

పేర్లు తెర అంచుకు ఎంత దగ్గరగా వేయొచ్చు?

వెడల్పులో, ఎత్తులో 90 శాతం లోపల ఉంచండి. 1920×1080 తెరకు అది మధ్యలో 1728×972. ఒత్తులతో సహా కొలవాలి. కొన్ని పాత టీవీలు, ప్రొజెక్టర్లు ఇప్పటికీ అంచులు కోసేస్తాయి, కాలేజీ ఆడిటోరియం ప్రొజెక్టర్‌ను అయితే అసలు నమ్మొద్దు.

ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి?

ప్లానింగ్ దశకు ఏదీ కొనక్కర్లేదు. స్టోరీబోర్డుకు కాగితం లేదా స్టోరీబోర్డర్, బొమ్మలకు క్రితా, యానిమాటిక్‌కు డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్, త్రీడీ ప్రీవిజ్‌కు బ్లెండర్. బ్లెండర్‌లోని గ్రీజ్ పెన్సిల్‌తో బొమ్మ, కెమెరా రెండూ ఒకేచోట చూసుకోవచ్చు.

త్రీడీలో కెమెరా ఎగిరే టైటిల్స్ చేద్దామనుకుంటున్నాను. ప్రీవిజ్‌లో ఏం చూసుకోవాలి?

బూడిద రంగు దిమ్మెలతోనే మొదలుపెట్టండి. లైటింగ్, టెక్స్చర్ ముట్టుకోవద్దు. ఒక్కో పేరు దగ్గర కెమెరా ఎంత నెమ్మదిస్తుందో చూసుకోండి. కెమెరా కదులుతూ ఉండగా చదవాలంటే ఆగి ఉన్నప్పటికంటే ఎక్కువ సమయం పడుతుంది. పేర్లను పక్క కోణం నుంచి చూపించాలనే సరదా అందరికీ ఉంటుంది. తెలుగు గుండ్రటి అక్షరాలను ఆ కోణంలో నొక్కితే "ప", "వ", "న" అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

స్టోరీబోర్డు ఏఐతో చేయించుకోవచ్చా?

ముందు మీ కాలేజీ నియమాలు చూసుకోండి. అవి ఒప్పుకున్నా, నా సలహా అయితే థంబ్‌నెయిల్స్ దశలో వద్దనే. ఏఐ ఇచ్చే ఫ్రేమ్ పూర్తయిన బొమ్మలా మెరుస్తుంది, దాన్ని చూశాక ఇంకేదీ మార్చబుద్ధి కాదు. పైగా తెలుగు అక్షరాలు అడిగితే తెలుగులా కనిపించే గుండ్రటి గీతలు ఇచ్చేస్తుంటుంది.

యానిమాటిక్ ఎవరికి చూపించాలి? ఏం అడగాలి?

స్క్రిప్టు తెలియని ఇద్దరు ముగ్గురికి. ముందుగా ఏమీ వివరించొద్దు. "ఇక్కడ టికెట్ తిరగబడుతుందన్నమాట" అని పక్కన నిలబడి చెబితే ఆ చూపించడం వృథా. "అర్థమైందా?" అని అడిగితే మొహమాటానికి అర్థమైందనే అంటారు. "ఏం చూశావో చెప్పు" అనండి. సినిమా పేరేమిటి, ఎన్ని పేర్లు గుర్తున్నాయి, ఎక్కడ ఫోన్ చూడాలనిపించింది? ఒకరు చెప్పింది వాళ్ల అభిరుచి కావచ్చు. ముగ్గురూ ఒకే చోట తడబడితే అక్కడ మార్చాల్సిందే.

అమ్మానాన్నలకు చూపించడం మంచి పరీక్ష. మెచ్చుకోవడం సంగతి పక్కన పెట్టి, పేర్లు చదవగలిగారో లేదో గమనించండి.

గైడ్‌కు ఏమేం సమర్పించాలి?

ఒక పేజీ కాన్సెప్ట్ నోట్, ఖాయమైన పేర్ల జాబితా, స్టోరీబోర్డు, మూడు నుంచి ఐదు స్టైల్ ఫ్రేములు, యానిమాటిక్, కష్టమైన షాట్ టెస్ట్, షెడ్యూల్. స్టైల్ ఫ్రేముల్లో ఒకటి తప్పకుండా అన్నిటికంటే పొడుగు పేరున్న కార్డుదై ఉండాలి. అందంగా కుదిరే పొట్టి పేరుతోనే ఫ్రేములన్నీ చేస్తే, అసలు సమస్య చివరి వారం దాకా దాక్కుంటుంది. మీ కాలేజీ ఫార్మాట్ వేరుగా ఉంటే దాన్నే అనుసరించండి.

నచ్చిన సినిమా పాటను టైటిల్స్‌కు వాడుకోవచ్చా?

క్లాసులో చూపించడానికి ఎవరూ పట్టించుకోకపోవచ్చు. ఫెస్టివల్‌కు పంపాలన్నా, యూట్యూబ్‌లో పెట్టాలన్నా హక్కులు కావాలి. పాత సంగీతమైతే ఫర్వాలేదనుకునేవాళ్లకు ఒక మాట. త్యాగరాజ కీర్తన ఎవరి సొత్తూ కాదు, నిజమే. కానీ దాన్ని ఎవరో పాడి విడుదల చేసిన రికార్డింగ్‌కు వేరే కాపీరైట్ ఉంటుంది. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కు, విడుదలైన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు. కీర్తన కావాలంటే మీ కాలేజీలోనే పాడేవాళ్లను వెతికి కొత్తగా రికార్డు చేసి, వాళ్ల పేరు కార్డులో చేర్చండి. యానిమాటిక్‌లో తాత్కాలికంగా పెట్టిన పాటకు అలవాటు పడిపోవడం ఇంకో ప్రమాదం. నెల రోజులు విన్నాక ఏ కొత్త ట్యూన్ ఇచ్చినా నచ్చదు. అందుకే సంగీతం కంటే చప్పుళ్లతో యానిమాటిక్ కట్టుకోమనేది.

అంతా అయ్యాక ఒక పేరు చేర్చమంటున్నారు. ఏం చేయాలి?

ఇది జరుగుతుంది. బస్సు ఇచ్చినాయన పేరు మర్చిపోయామనో, నిర్మాత వాళ్ల బావగారి పేరు వేయాలనో ఫోన్ వస్తుంది. అందుకే ప్లానింగ్‌లోనే ఒక ఖాళీ కార్డు పెట్టుకోండి. మన ఉదాహరణలో పేరు లేని ఒక టికెట్ చిరిగి గాల్లోకి ఎగిరిపోయే సెకనున్నర షాట్. ఎవరూ అడగకపోతే అది ఊపిరి తీసుకునే విరామంలా ఉంటుంది. అడిగితే దాన్ని 3.4 సెకన్లకు పొడిగించి పేరు వేయొచ్చు. ఆ అదనపు రెండు సెకన్లు సౌండ్‌లో ఎక్కడ దూరతాయో కూడా ముందే చూసి ఉంచుకోండి. ఇంజిన్ గుడగుడ ఉన్న చోటైతే ఎంత పొడిగించినా అతుకు తెలియదు.

కృతజ్ఞతలు అనేవన్నీ ఎండ్ టైటిల్స్‌కే అని మొదటి మీటింగ్‌లోనే దర్శకుడి చేత ఒప్పించి, ఆ మాట వాట్సాప్ గ్రూపులో రాయించి పెట్టుకోండి. ఫోన్ వచ్చినప్పుడు స్క్రీన్‌షాట్ పంపితే చాలు.